క్లాస్ట్రీడియం

ఆక్సిజన్ సోకని చోట పెరుగుతూ, పరిస్థితులు అనుకూలించనప్పుడు గట్టి పొర గల సిద్ధబీజాలుగా మారి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగల కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాల ప్రజాతి క్లాస్ట్రీడియం. మట్టిలోనూ, మనుషుల, పశువుల పేగుల్లోనూ ఉండే వీటిలో అధికభాగం హాని చేయనివే. ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్, కలుషితాహారం వల్ల పక్షవాతం తెచ్చే బొట్యులిజం మాత్రం కొన్ని జాతులు వెలువరించే జీవవిషాల వల్ల కలుగుతాయి.

గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు ఉన్నాయని 1861లో లూయీ పాశ్చర్ వెల్లడించగా, ఈ ప్రజాతికి 1880లో ప్రాజ్‌మోవ్‌స్కీ పేరు పెట్టాడు. 1884లో జర్మనీలో నికోలాయర్ తోటమట్టిని జంతువుల చర్మం కిందికి ఎక్కించి ధనుర్వాతం కలిగించాడు. చీములో సన్నని కడ్డీలు కనిపించినా, ఇతర సూక్ష్మజీవుల నుంచి వాటిని విడదీయడం అతని వల్ల కాలేదు. ఆ చిక్కుముడిని 1889లో బెర్లిన్‌లోని కాఖ్ ప్రయోగశాలలో జపాన్ శాస్త్రవేత్త కితసాటో విప్పిన తీరు సూక్ష్మజీవశాస్త్ర చరిత్రలోని అత్యంత సొగసైన ప్రయోగాల్లో ఒకటి. కడ్డీకి ఒక చివర ఉబ్బి డోలుపుల్లలా కనిపించే సిద్ధబీజం వేడిని తట్టుకోగలదని గుర్తించి, మిశ్రమ వర్ధనాన్ని 80 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి మిగతా వాటిని చంపి, మిగిలినదాన్ని హైడ్రోజన్ వాయువులో పెంచాడు. మరుసటి ఏడాది అతడూ, సహశాస్త్రవేత్త బెరింగూ కలిసి, జీవవిషాన్ని విరిచే గుణం రోగనిరోధకత పొందిన జంతువుల రక్తరసికి ఉంటుందని నిరూపించారు.

మొదటి ప్రపంచయుద్ధంలో, ఎరువు కలిసిన పొలాల మట్టి అంటిన సైనికుల గాయాలకు ఆ రక్తరసిలోని ధనుర్వాత ప్రతివిషమే ప్రధాన రక్షణ అయింది. ఫార్మలిన్‌తో విషగుణం పోగొట్టిన టాక్సాయిడ్ టీకా 1920ల్లో ఫ్రాన్స్‌లో రూపొందింది. అపరిశుభ్రమైన పరికరంతో బొడ్డుతాడు కోయడం వల్ల నవజాత శిశువులను బలిగొంటూ వచ్చిన ధనుర్వాతాన్ని, గర్భిణులకు ఇచ్చే ఈ టీకా, శుభ్రమైన ప్రసవ పద్ధతులు కలిసి అదుపులోకి తెచ్చాయి. జిల్లాలన్నిటిలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు ఒకటి కన్నా తక్కువ కేసులు ఉండాలన్న లక్ష్యాన్ని భారతదేశం చేరినట్లు 2015లో నిర్ధారణ అయింది.

పేగుల్లో ఉండే డిఫిసిల్ జాతి చరిత్ర ఇందుకు భిన్నమైనది. 1935లో ఆరోగ్యవంతులైన శిశువుల మలంలో కనుగొన్న ఈ బ్యాక్టీరియా, యాంటీబయాటిక్స్ వాడకంతో పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించినప్పుడు విజృంభించి తీవ్రమైన విరేచనాలకు కారణమవుతుందని 1978లో తేలింది. 2016లో దీనిని క్లాస్ట్రీడియాయిడీస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. ఆల్కహాల్ ద్రావణాలకు దీని సిద్ధబీజాలు చావవు గనుక, ఆసుపత్రుల్లో ఈ రోగులకు సేవచేసే సిబ్బంది సబ్బుతో, నీటితోనే చేతులు కడుక్కోవలసి ఉంటుంది.