పదానికి ముందూ వెనకా

'హార' శబ్దానికి ముందు ఆ, వి, సం చేర్చి ఆహార, విహార, సంహారాల అర్థభేదం చూపడంతో మన వ్యాకరణ పాఠం ముగుస్తుంది. ఆ చేర్పును ఎవరు, ఎవరిమీద చేశారన్నదీ పాఠంలో భాగం కావాలని నా అభిప్రాయం.

'స్పృశ్' ధాతువుకు 'య' ప్రత్యయం చేరితే 'స్పృశ్య', తాకదగినది. ముందు నిషేధార్థక 'అ' చేర్చి మనిషిని అస్పృశ్యుణ్ణి చేశారు. 'పంచ'కు 'మ' చేరితే 'పంచమ'. లెక్కలో అది ఐదవది మాత్రమే. సంఘంలో నాలుగు వర్ణాలకూ వెలుపలివాడు. ఈ అక్షరాలను చేర్చినవారొకరు, మోసినవారొకరు.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభ 'పంచమ'ను తిరస్కరించి 'ఆది ఆంధ్ర' అన్న పేరు పెట్టుకుంది. వ్యాకరణరీత్యా 'ఆది' ఉపసర్గ కాదు, సమాసంలో పూర్వపదం. చరిత్రరీత్యా అది ఐదవస్థానాన్ని కాదని మొదటిస్థానాన్ని అడిగిన మాట. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించక తప్పలేదు.

'అస్పృశ్య'కు భావార్థక 'త' చేరితే 'అస్పృశ్యత'. మనిషికి అంటగట్టిన విశేషణం ఇక్కడ ఒక స్థితికి పేరయింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది ఆ స్థితినే. పదవిభాగం చేసే విద్యార్థి, పదం వాడే రచయిత ఈ చరిత్రను కూడా విడదీసి చూడాలి.