మపుటో రైల్వే స్టేషన్

మొజాంబిక్ రాజధాని మపుటో, పోర్చుగీసు పాలనలో లొరెన్సో మార్కెస్‌గా ఉన్నప్పుడు 1908–1916 మధ్య కట్టిన స్టేషన్ ఇది. నేటి దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతాన్ని ఈ రేవు నగరంతో కలిపే రైలుమార్గం అంతకుముందే, 1895లో ప్రారంభమైంది. లేత ఆకుపచ్చ, తెలుపు రంగుల ముఖభాగం మీద నిలిచిన పెద్ద గుమ్మటాన్ని చూసినవారు ఇది ఈఫిల్ టవర్‌తో పేరుపొందిన ఫ్రెంచ్ ఇంజనీర్ గుస్తావ్ ఈఫిల్ పనేనంటారు. పర్యాటక పుస్తకాలూ ఆ మాటే ఎత్తి రాస్తుంటాయి. కానీ ఇది నిలిచే మాట కాదు. పనామా కాలువ కుంభకోణంలో చిక్కుకున్న ఈఫిల్ 1893లోనే తన కంపెనీ నుంచి తప్పుకున్నాడు. రూపకల్పన లిస్బోవా డి లిమా, మారియో వెయిగా, ఫెరైరా ద కోస్టాలది. ఈఫిల్ కాకపోతే ఆయన శిష్యులెవరో గీసి ఉంటారని కొందరు సర్దిచెబుతారు. దానికైనా కాగితం కావాలి. ఒక్క గుమ్మటం అందం సాక్ష్యం కాజాలదు. స్టేషన్‌లో ఇప్పుడు రైల్వే మ్యూజియం కూడా ఉంది.