నాలుగు వందల మాటల బడి
1957లో టెక్సాస్‌లోని గనాడో అనే చిన్న ఊళ్లో 17 ఏళ్ల ఇసబెల్ వెర్వెర్, ఒకటో తరగతిలో చేరబోయే మెక్సికన్ అమెరికన్ పిల్లలకు 400 ఇంగ్లిష్ మాటలు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె వెనక నిలిచింది మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం పనిచేసే లులాక్ సంఘం అధ్యక్షుడు, హ్యూస్టన్ రెస్టారెంట్ల యజమాని ఫెలిక్స్ టిహెరీనా. భాష తెలియని పిల్లలు ఒకటో తరగతిలోనే మగ్గి బడి మానేస్తున్న రోజులవి. 1959లో రాష్ట్ర శాసనసభ ఈ పద్ధతికే నిధులిచ్చింది. ముందు నడిచింది సమాజం, వెనక వచ్చింది ప్రభుత్వం. పిల్లల ఇబ్బంది ముందుగా తెలిసేది ఇరుగుపొరుగుకే కనుక సాయమూ వాళ్ల చేతుల మీదుగా సాగడమే సబబు.

ఈ బడిలో ఇంటి స్పానిష్‌ను పక్కనపెట్టారన్న విమర్శ న్యాయమైనదే. వివక్షకు మాటలు మందు కాదన్నదీ నిజమే. కానీ ఇంటి భాషలో చదువుకు అండగా ద్విభాషా విద్యా చట్టం వచ్చింది 1968లో. 1957లో బడి గడప తొక్కిన ఆరేళ్ల పిల్లకు అప్పటికి 17 ఏళ్లు.