పెంటకుప్ప నుంచి చెత్తబుట్ట దాకా

ఈ పూట మనింటి చెత్త కథ చెప్పుకుందాం. చెత్తకూ చరిత్రేమిటని నవ్వకండి, ఉంది.

మా పుట్టిల్లు నర్మెట్ట. ఇప్పుడది జనగామ జిల్లా. 2016 దాకా వరంగల్ జిల్లా. నా చిన్నతనంలో మా అమ్మ చెత్త పారేసిన గుర్తే లేదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు, గంజి కుడితి గోలెంలోకి పోయేవి. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి, చిరిగిన చీరలు బొంతకు. వాకిలి ఊడ్చిన కసువు, పేడ, ఎంగిలి విస్తరాకులు పెంటకుప్ప మీదికి. ఎండాకాలంలో ఆ పెంటను బండ్ల మీద చెలకకు తోలేవాళ్ళు. అది చెత్త కాదండీ, వచ్చే ఏటి జొన్నలకు బలం!

పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. ఇక్కడ బర్రె లేదు, చెలక లేదు. అదే తొక్క ఇక్కడ చెత్తయింది. పైగా చేతిలో నాలుగు డబ్బులు ఆడేకొద్దీ కొనేదీ పెరిగింది, పారేసేదీ పెరిగింది. 1991లో ఆర్థిక విధానాలు మారాక ఇది మరీ జోరందుకుంది. నూనెకు సీసా పట్టుకెళ్ళే రోజులు పోయి, అన్నిటికీ ప్యాకెట్లే వచ్చాయి. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2016లో ప్రపంచమంతా కలిపి పోసిన చెత్త 201 కోట్ల టన్నులు. సంపన్న దేశాల వాళ్ళు జనాభాలో నూటికి 16 మందే, చెత్తలో వాళ్ళ వాటా మాత్రం నూటికి 34!

మన నగరం చెత్త జవహర్‌నగర్‌లో గుట్టయింది. తడీ పొడీ కలిసి కుళ్ళితే నల్లటి నీరు భూమిలోకి దిగుతుంది. అక్కడా మనలాంటి ఇల్లాళ్ళున్నారు, వాళ్ళ బోర్ల నీళ్ళే చెడిపోయాయి.

2012 అక్టోబరులో వరంగల్‌లో పరిశుభ్ర నగరాల పోటీ పెట్టి, ఇంటింటా తడి, పొడి చెత్త వేరుగా తీసుకున్నారు. 2015లో హైదరాబాదులో ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. నిజం చెప్పొద్దూ, నేను ఒకదాంట్లో ఉల్లిగడ్డలు పోసుకున్నాను!

ఒకరోజు చెత్తబండి ఆమె మా సంచి విప్పి వేరుచేస్తుంటే గాజుపెంకు దిగి చెయ్యి తెగింది. అది నేను పగలగొట్టిన గ్లాసే. "ఏం గాదు లేమ్మా" అని కొంగు చుట్టుకుంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. బర్రె నోటికి ముల్లు తగలకూడదని కుడితిని చేత్తో కలియబెట్టి చూసేది. నేను సాటి ఆడదాని చేతిని గురించైనా ఆలోచించలేదే!

ఆ రోజే ఉల్లిగడ్డలు గంపలోకి మారాయి. మీ ఇంట్లో రెండో బుట్టలో ఏముందో ఒకసారి చూడండి. గాజుపెంకులుంటే కాగితంలో చుట్టి, చెప్పి మరీ చేతికివ్వండి. సెలవు.