గర్భసంచి క్యాన్సరు పరీక్ష: దాని చరిత్ర, దాని వెల

మన సంఘములలో ఒక పెద్దకు గుండెజబ్బు వచ్చినదనిన ఆదివారపు ఆరాధనలో ఆయన పేరు చెప్పి ప్రార్థించుదుము. ఒక తల్లికి గర్భసంచి క్యాన్సరు వచ్చినప్పుడు మాత్రము "అనారోగ్యముతోనున్న ఒక సహోదరి కొరకు" అని చెప్పి ఊరకుందుము. పేరు చెప్పవద్దని ఇంటివారే కోరుదురు. ఈ శతజయంతి సంచికలో ఆలయముల చరిత్రను, పాఠశాలల చరిత్రను, మిషనెరీల చరిత్రను వ్రాయువారు అనేకులు కలరు గనుక, నేను ఈ రోగమును ముందుగా కనిపెట్టు పరీక్షల చరిత్రను వ్రాయుటకు పూనుకొన్నాను. ఇందులో గొప్ప వైద్యుల పేర్లు కలవు. అయితే వారి జ్ఞానమంతయు స్త్రీల శరీరముల నుండి వచ్చినది. వారిలో పెక్కుమందిని ఎవరును సరిగా అడుగలేదు. ఆ సంగతి విడిచి ఈ చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

ఈ రోగము పుట్టుచోటు గర్భసంచి అడుగుననుండు ఇరుకైన ముఖద్వారము. హెచ్.పి.వి. అను వైరసు సంసర్గమువలన అక్కడికి చేరును. స్త్రీలలో చాలమందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకి, ఏ బాధయు లేకుండ దానంతటదే పోవును. కొద్దిమందిలో మాత్రము పోక, ఏండ్ల తరబడి నిలిచి, అక్కడి కణములను మార్చును. ఆ మార్పు క్యాన్సరుగా ముదురుటకు సాధారణముగా పది పదునైదేండ్లు పట్టును. అంతకాలము నొప్పి యుండదు. దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, ముట్లుడిగిన తరువాత మరల రక్తము కనబడుట, నడుమునొప్పి – ఇవి వచ్చునప్పటికి తరచుగా ఆలస్యమై యుండును. అయితే ఆ పదేండ్లలో ఎప్పుడు చూచినను రోగమును మొలకలోనే త్రుంచవచ్చును. ఇంత దీర్ఘమైన గడువునిచ్చు క్యాన్సరులు తక్కువ. అట్లుండియు 2022వ సంవత్సరములో మన దేశమున 1 లక్షా 27 వేలమందికి పైగా స్త్రీలకు ఈ రోగము వచ్చినదనియు, సుమారు 80 వేలమంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ వారి అంచనా.

ఇచ్చట ఒక మాట చెప్పి ముందుకు పోవుదును. వైరసు సంసర్గమువలన వచ్చునని విని, రోగము వచ్చిన స్త్రీ శీలమును అనుమానించువారు కలరు. భర్తను తప్ప ఎరుగని ఇల్లాలికి కూడ ఇది వచ్చును. వైరసు ఆమెకు భర్తవలననే సోకవచ్చును. ఎన్నడో సోకినది ఇరువదేండ్లకు బయటపడవచ్చును. కాబట్టి రోగమును చూచి ఆమె నడవడికి తీర్పు చెప్పుటకు ఎవరికిని ఆధారము లేదు.

పరీక్షల చరిత్ర ఒక గ్రీకు దేశస్థునితో మొదలగును. జార్జి పాపనికొలావు 1913లో భార్యతో కూడ న్యూయార్కు చేరి, కార్నెల్ వైద్య కళాశాలలో గినీపందుల ఋతుచక్రమును పరిశీలించెను. తరువాత స్త్రీలలో అదే పరిశీలన చేయుటకు ఆయనకు మొదట లభించినది సొంత భార్యయైన ఆండ్రొమాకీ. అనేక సంవత్సరములు ఆమె దినదినము తన శరీరము నుండి స్రావమును గాజుపలకమీద తీయనిచ్చినది. రాలిన కణములను సూక్ష్మదర్శినితో చూచి క్యాన్సరును పసికట్టవచ్చునని ఆయన 1928లో చెప్పినప్పుడు వైద్యలోకము పెద్దగా చెవినిడలేదు. 1941లో హెర్బర్టు ట్రౌట్ అను స్త్రీవైద్యునితో కలిసి ప్రచురించిన వ్యాసముతోను, 1943లో వచ్చిన గ్రంథముతోను ఆ పద్ధతి నిలబడినది. అదియే పాప్ పరీక్ష. ఆండ్రొమాకీ పేరు దానికి అంటలేదు.

ముఖద్వారమును పెద్దదిగా చేసి చూపు కొల్పోస్కోపు అను పరికరమును 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్మన్ కనిపెట్టెను. ఎసిటిక్ ఆమ్లము, అనగా మన వంటింటి వెనిగరులోని పులుపు, పూసినచో చెడిన భాగము తెల్లబడుననుట కూడ ఆయన పద్ధతిలోనిదే. అదే మనుష్యుడు నాజీల కాలమున రోమా జాతి స్త్రీలకు బలవంతముగా గొడ్డుతనము కలిగించు శస్త్రచికిత్సలలో పాలుపంచుకొన్నందుకు యుద్ధానంతరము బ్రిటిషు న్యాయస్థానముచేత శిక్ష పొందెను. మేలైన పరికరము, చెడ్డ చేతులు. ఈ రెండును ఒకే జీవితములో ఇమిడినవి.

1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను 30 ఏండ్ల నల్లజాతి తల్లి ఈ రోగముతోనే జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వచ్చినది. రేడియం చికిత్స చేయుచు, ఆమెకు చెప్పకుండ ఒక చిన్న ముక్క కోసి ప్రయోగశాలకు పంపిరి. ఆ కణములు చావక పెరుగుచునే యుండెను; నేటికిని ప్రపంచమంతట పరిశోధనలలో వాడుచున్నారు. ఆమె మాత్రము ఆ యేడు అక్టోబరులోనే చనిపోయినది. ఆ కణముల సంగతి ఆమె కుటుంబమునకు ఇరువదేండ్ల వరకు తెలియదు. జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84 సంవత్సరములలో ఈ క్యాన్సరుకు కారణమైన 16, 18 సంఖ్యల వైరసులను గుర్తించినప్పుడు, 18వ రకము ఆమె కణములలోనే కనబడినది. ఆయనకు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది.

పాప్ పరీక్షవలన ధనిక దేశములలో ఈ మరణములు బాగుగా తగ్గినవి. మన పల్లెలకు అది రాలేదు. కారణము కష్టమైనది కాదు. పలకమీద కణములు తీయుట తేలిక. దానిని చదువగల నిపుణుడు, ప్రయోగశాల, ఫలితము వచ్చువరకు ఆగి మరల రాగల రోగి – ఈ మూడును కావలెను. కూలికి పోవు స్త్రీ ఒక దినము పని మానుకొనుటయే కష్టము. మూడుసార్లు రమ్మనిన వచ్చునా?

అందుచేత కొందరు వెనుకటి వెనిగరు పద్ధతికి మరలిరి. పద్ధతి ఇది: నర్సు ముఖద్వారమునకు దూదితో పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి, ఒక నిమిషము ఆగి, మంచి వెలుతురులో కంటితో చూచును. చెడిన భాగము తెల్లని మచ్చగా తేలును. ఫలితము అప్పుడే తెలియును. అయితే ఇంత తేలికైనది నిజముగా ప్రాణములు కాపాడునా? దానికి ఋజువు కావలసియుండెను. ఆ ఋజువు దొరికిన చోట్లలో ఒకటి తమిళనాడులోని దిండిగల్ జిల్లా. ఒట్టంచత్రము సమీపమున అంబిలికై అను గ్రామములోని క్రిస్టియన్ ఫెలోషిప్ సామాజిక ఆరోగ్య కేంద్రము ఈ పనికి ఆధారమైనది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థకు చెందిన డాక్టరు శంకరనారాయణన్, అంబిలికై డాక్టరు ఎస్మీ మొదలైనవారు దీనిని నడిపిరి. పరీక్షించినవారు తర్ఫీదు పొందిన నర్సులు. తగిన మచ్చలను అతిశీతల వాయువుతో గడ్డకట్టించి మాడ్చు చికిత్సను కూడ నర్సులే చేసిరి. మన మిషను ఆసుపత్రుల నర్సులను ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు.

ఆ జిల్లాలో 114 గ్రామ సముదాయములను ఎంచి, వానిని చీట్లు వేసినట్లు రెండుగా విభజించిరి. 57 సముదాయములలో 30 నుండి 59 ఏండ్ల స్త్రీలను పరీక్షకు పిలిచిరి. అట్టివారు 49,311 మంది. తక్కిన 57 సముదాయములలోని 30,958 మందిని పిలువలేదు. వారికి అప్పటికి ఆ ప్రాంతమున దొరకు సాధారణ వైద్యమే. 2000 నుండి 2003 వరకు పరీక్షలు జరిగినవి. పిలిచినవారిలో వచ్చినది 31,343 మంది, అనగా నూటికి 64 మందికి కొంచెము తక్కువ. దాదాపు 18 వేలమంది ఇంటి యొద్దకు పిలుపు వచ్చినను రాలేదు. మచ్చలు కనబడి, క్యాన్సరుకు ముందు దశయని తేలినవారిలోను నూటికి 72 మందియే చికిత్స పొందిరి.

అట్లయినను ఫలితము స్పష్టమైనది. 2007లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన లెక్క ప్రకారము, పిలిచిన గ్రామములలో రోగము నూటికి 25 వంతులు, మరణములు నూటికి 35 వంతులు తగ్గినవి. 30, 40 ఏండ్ల మధ్య స్త్రీలలో మరణములు మూడింట రెండువంతులు తగ్గినవి. ఒక్కసారి చేసిన పరీక్షకు, అదియును దూదితోను పులుపునీళ్ళతోను చేసినదానికి, ఇంత ఫలము!

ఆ వ్యాసములో ఇంకొక అంకె కలదు. పిలువని గ్రామములలో ఈ రోగముతో చనిపోయినవారు 92 మంది. పిలిచిన గ్రామములలో చనిపోయినవారు 83 మంది. ఆ గ్రామములలో స్త్రీలు చాల ఎక్కువమంది యని మరువరాదు. పోల్చి చూచుటకు ఆ 92 మంది అవసరమైరి. వారిని పిలిచియుండినచో కొందరు బ్రదికియుందురని ఆ పరిశోధన ఫలితమే చెప్పుచున్నది. ఇట్టి పద్ధతి ధర్మమా యని స్వదేశమునను విదేశములలోను వైద్యులు తీవ్రముగా వాదించిరి. అప్పటికి పల్లెలలో ఏ పరీక్షయు లేదు గనుక ఎవరికిని ఉన్నది తీసివేయలేదని ఒక పక్షము. పరీక్ష మేలని లోకమంతయు ఎరిగిన తరువాత కొందరిని ఊరక చూచుచుండుట తప్పని మరియొక పక్షము. నా మట్టుకు రెండవ పక్షము వాదమే బలముగా తోచును. అయినను మొదటివారి పనివలననే నేడు ప్రభుత్వములు నర్సు చేతికి ఈ పరీక్షను అప్పగింప ధైర్యము చేసినవని ఒప్పుకొనక తప్పదు.

ఒకప్పుడు నిజాము రాష్ట్రములో భాగమైన ఉస్మానాబాదు జిల్లాలో, బార్శీ ఆసుపత్రివారి ఆధ్వర్యమున జరిగిన పరిశోధన ఫలితము 2009లో వచ్చినది. 1 లక్షా 31 వేలమంది స్త్రీలను నాలుగు గుంపులు చేసిరి. వైరసునే నేరుగా వెదకు పరీక్ష ఒక్కసారి జరిగిన గుంపులో 34 మంది, పరీక్షకు పిలువని గుంపులో 64 మంది ఈ రోగముతో చనిపోయిరి. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరసు పరీక్షనే ఎక్కువగా కోరుచున్నది.

ఇక మన యింటి సంగతి. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14 వేలమందికి ఈ వైరసు టీకాను ప్రయోగాత్మకముగా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి చేసిన పని అది. బాలికలలో చాలమంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలోనివారు. కొన్ని మరణముల వార్తలు వచ్చి అలజడి రేగగా 2010 ఏప్రిలులో కేంద్రము దానిని ఆపివేసినది. ఆ మరణములకు టీకా కారణమనుటకు ఆధారము లేదని విచారణ సంఘము చెప్పినది. అయితే అనుమతి పత్రముల సంగతి వేరు. పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములమీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెనులు సంతకము చేసియుండిరి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని గట్టిగా ఖండించినది.

హాస్టళ్ళు నడిపిన సంఘము మనది. వార్డెను సంతకము ఎంత తేలికగా పడునో మనకు వేరే చెప్పనక్కరలేదు. తల్లి అడవిలో ఆకు కోయుచుండును, బిడ్డ హాస్టలులో వరుసలో నిలిచియుండును, కాగితము బల్లమీద నుండును. టీకా మంచిదే. కాని ఆ తల్లిని అడుగకపోవుటవలన టీకా పేరు మన జిల్లాలలో చాలకాలము చెడినది.

ఆ అలజడిలో దేశమందు జరుగుచున్న వేరొక టీకా పరిశోధన కూడ ఆగిపోయినది. అంబిలికై దాని కేంద్రములలో ఒకటి. రెండు మూడు మోతాదులు వేయవలసినవారిలో దాదాపు 5 వేలమంది బాలికలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయిరి. వారిని ఏండ్ల తరబడి గమనింపగా, ఒక్క మోతాదే వైరసు నిలువకుండ బాగుగా కాపాడుచున్నదని తేలి, 2021లో ప్రకటింపబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క మోతాదును అంగీకరించుటకు ఇదియు ఒక ఆధారము. ఎవరును అనుకొనని విధముగా ఖమ్మము గొడవ లోకములోని బీద దేశములకు టీకా ఖర్చు తగ్గించినది.

ఇంత వెలపెట్టి సంపాదించిన పరీక్షను మనము ఎంతమట్టుకు వాడుకొనుచున్నాము? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 30–49 ఏండ్ల స్త్రీలలో ఎప్పుడైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశములో నూటికి ఇద్దరు లేరు. తమిళనాడులో దాదాపు పదిమంది. మన రెండు తెలుగు రాష్ట్రములలో అయిదుగురు లేరు. దీనికి బదులు మనయొద్ద జరుగునది గర్భసంచి తీయించుట. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీల సంఖ్య నిష్పత్తిలో దేశమంతట మొదటి స్థానములు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. "తెల్లబట్ట అవుచున్నది, ఇట్లే ఉంచితే క్యాన్సరు అవును, తీసివేసిన పోవును" అను మాట విని ముప్పదియైదేండ్లకే శస్త్రచికిత్స చేయించుకొన్న తల్లులు నా సంఘములోనే కలరు. వారిలో ఒక్కరికిని ముందుగా ఒక నిమిషపు వెనిగరు పరీక్ష చేయలేదు. భయము అమ్ముడుపోయినంత సులభముగా పరీక్ష అమ్ముడుపోదు కాబోలు. ప్రభుత్వ నియమము ప్రకారము 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి ఈ పరీక్ష జరుగవలెను. మీ ఊరి ఏ.ఎన్.ఎమ్.ను, ఆశా కార్యకర్తను అడిగిన ఏ ఆరోగ్య కేంద్రములో ఏ దినమున చేయుదురో చెప్పుదురు.

రోగమున్నదని తేలిన తరువాతి జీవితమును గూర్చి మన సంఘములలో మాటలాడువారు లేరు. ముందు దశలో నయమగుట ఎక్కువ. కొంత ముదిరినను రేడియేషనుతో పాటు సిస్ప్లాటిన్ అను మందును కలిపి ఇచ్చుటవలన ఎక్కువమంది బ్రదుకుచున్నారని 1999 నాటి పరిశోధనలు చూపినవి. 2007 నుండి ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట పొలము అమ్మి చికిత్స చేయించు దుఃస్థితి కొంత తగ్గినది. చికిత్స ముగిసినను బాధలు ముగియవు. మూత్రములో మంట, విరేచనములలో రక్తము, ముట్లు ముందే ఆగిపోవుట, దాంపత్యములో నొప్పి – ఇవి ఏండ్లు ఉండవచ్చును. వీనికి మందులు, ఉపాయములు కలవు. అడిగిన డాక్టరు చెప్పును. సిగ్గువలన అడుగరు. భార్యయొద్ద పండుకొనినచో క్యాన్సరు తనకు అంటునని వేరుగా పండుకొను భర్తలను చూచితిని. క్యాన్సరు అంటదు. ఆమె కంచము వేరు చేయనక్కరలేదు.

చికిత్స అయిన మొదటి రెండేండ్లు మూడు నాలుగు నెలలకొకసారి పరీక్షకు పోవలెను. హైదరాబాదుకో, విశాఖపట్టణమునకో, వేలూరుకో ఆమె వెంట ఎవరు పోవుదురు? కొడుకులు పనులమీద నుందురు, కోడలికి చంటిబిడ్డ యుండును. మా సంఘపు స్త్రీల సహవాసమువారు రెండేండ్లనుండి వంతులు వేసికొని తోడు వెళ్ళుచున్నారు. ఒకరు రాత్రి బండికి బయలుదేరి, తెల్లవారి ఓ.పి. వరుసలో నిలిచి, మరునాటి రాత్రికి ఆమెను ఇంటికి చేర్చుదురు. టిక్కెట్లకు కోతపండుగ కానుకలో నుండి కొంత తీసి యుంచితిమి. ఇప్పటికి నలుగురి వెంట వెళ్ళిరి.