పన్ను పడని షేరు కోసం: నిజామాబాద్ జిల్లా దారిలో

నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి మీదుగా సాగే సికింద్రాబాద్–మన్మాడ్ రైలుమార్గం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పూర్తయింది. దాన్ని నడిపిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ మాత్రం 1883లో లండన్‌లో పుట్టింది. షేర్లూ అక్కడే అమ్ముడుపోయాయి. పెట్టుబడి పెట్టినవారికి ఇరవై ఏళ్లపాటు 5 శాతం రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది. 1930లో సర్కారు కొనుక్కునేదాకా కంపెనీ లండన్ వాటాదారులదే.

షేరు అన్న మాట జిల్లాకు దగ్గరగా వచ్చింది చెరకుతో. మంజీరపై 1931 నాటికి నిజాంసాగర్ సిద్ధమైంది. కాల్వల కింద చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ జాయింట్ స్టాక్ కంపెనీగా వెలిసింది. 1929లో పెట్టిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ద్వారా సర్కారు అందులో వాటా తీసుకుంది. 1943లో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ కూడా వచ్చేసరికి కొన్న షేరు అమ్ముకోవడానికి ఒక అడ్డా దొరికింది. ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యానికి ఆదాయపు పన్ను చట్టమే లేదు. అది 1357 ఫసలీలో, అంటే 1947–48లో వచ్చింది. భారత చట్టం 1950 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. కాబట్టి ఆ ఫసలీ చట్టానికి ముందు షేరు మీద డివిడెండు వచ్చినా, అమ్మితే లాభం వచ్చినా పన్ను లేదు, ఇన్నేళ్లు కదపకూడదన్న గడువూ లేదు. అలాంటి స్వేచ్ఛ మళ్లీ రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. కాకపోతే అప్పుడు షేర్లు కొనగలిగింది చేతిలో సొమ్మున్న కొద్దిమందే. చెరకు రైతుకు దక్కింది చెరకు ధరే.

స్వతంత్ర భారతం పన్ను రాయితీలు ధారాళంగానే ఇచ్చింది, ప్రతిదానికీ ఓ గడువు తగిలించి. 1968లో వచ్చిన పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్)కు పదిహేనేళ్లు. షేర్లలో మదుపు చేసే ఈఎల్ఎస్ఎస్ ఫండ్లు 1990లో వచ్చాయి. పదివేల రూపాయల దాకా రాయితీ, మూడేళ్లు కదపకూడదు.

ఈ రాయితీ ఎవరికి పనికొచ్చిందో ఆర్మూరు, డిచ్‌పల్లి చుట్టుపక్కల పసుపు చేలను చూస్తే తెలుస్తుంది. తొమ్మిది నెలల పంట అది. తవ్వి, ఉడకబెట్టి, రెండు మూడు వారాలు ఎండబెట్టి, డ్రమ్ములో మెరుగు పట్టి, కొమ్మూ మండా వేరు చేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తారు. రాశి అమ్ముడై తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) చేతికొస్తే ఏడాది సొమ్మంతా ఒక్కసారే వస్తుంది. జూన్‌లో విత్తనానికి, ఎరువుకు అందులోంచే తీయాలి. మూడేళ్ల గడువు పసుపు రైతుకు కుదరదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. సేద్యపు ఆదాయం మీద కేంద్రానికి పన్ను కట్టనక్కర్లేదు, 1886 చట్టం నుంచీ అంతే. కట్టే పన్నే లేనివాడికి పన్నులో మినహాయింపు ఇచ్చి ఏం లాభం?

గల్ఫ్ వెళ్లిన రైతు కొడుకు సంగతి వేరు. 1970లో ప్రవాసుల కోసం మొదలైన ఎన్ఆర్ఈ ఖాతా అతనికి వడ్డీ మీద పన్ను లేకుండా చేసింది. సేవింగ్స్ ఖాతా అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. కానీ అది డిపాజిట్టు, షేరు కాదు.

2012లో ప్రభుత్వం కొత్త ప్రయోగం చేసింది. దాని పేరు రాజీవ్ గాంధీ ఈక్విటీ సేవింగ్స్ స్కీమ్. మొదటిసారి షేర్లు కొనేవాళ్లకే. యాభై వేల దాకా పెట్టవచ్చు, పెట్టినదాంట్లో సగం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. మొదటి ఏడాది కదపకూడదు. తర్వాతి రెండేళ్లను ‘ఫ్లెక్సిబుల్’ గడువు అన్నారు. షేర్లు అమ్ముకోవచ్చు, కానీ ఏడాదిలో కనీసం 270 రోజులు ఖాతాలో నిర్ణీత విలువ నిలబెట్టాలి. ఆలోచన మంచిదే. చిన్న మదుపరి ఇన్ని లెక్కలు పెట్టుకుంటాడని ఆశించడమే పొరపాటు. ఆదాయ పరిమితి మొదట పది లక్షలు, తర్వాత పన్నెండు. మన దేశంలో నివాసులకే కాబట్టి గల్ఫ్ కొడుక్కి వర్తించదు, పన్ను కట్టే పని లేని రైతుకు అక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్తవారికి ఆ తలుపు మూసేశారు.

ఈ ఊళ్లకు నిజంగా సరిపోయింది 2004 అక్టోబరు 1న వచ్చిన మార్పు. ఎక్స్ఛేంజీలో లావాదేవీ పన్ను కట్టి, ఏడాదికి మించి ఉంచుకున్న షేరు అమ్మితే లాభంపై పన్ను సున్నా. పథకంలో చేరనక్కర్లేదు, పరిమితి లేదు. ఆపై తీసుకోవడం, మళ్లీ పెట్టడం ఎవరిష్టం వారిది. 2018 మార్చి 31తో అదీ ముగిసింది. అప్పటికి హైదరాబాద్ ఎక్స్ఛేంజీ కూడా లేదు, 2007లోనే గుర్తింపు కోల్పోయింది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇలా పన్ను పడనిది ఐసా (ISA) ఖాతా. 1999లో మొదలైంది, ఇప్పుడు ఏటా 20,000 పౌండ్ల దాకా పెట్టవచ్చు. 2016 ఏప్రిల్ నుంచి ‘ఫ్లెక్సిబుల్’ రకం వచ్చింది. తీసిన సొమ్మును అదే పన్ను సంవత్సరంలో తిరిగి పెడితే ఆ ఏటి పరిమితి తరగదు. ఈ వెసులుబాటు అన్ని సంస్థలూ ఇవ్వవు, ఖాతా తెరిచే ముందే అడగాలి. ఇంటికి తిరిగొచ్చి ఇక్కడి పూర్తిస్థాయి నివాసి అయ్యాక మన చట్టం దృష్టిలో అది మామూలు విదేశీ ఖాతాయే. రాబడికి ఇక్కడ పన్ను లెక్క చూపాలి.

ఇక్కడ 2024 జూలై 23 నుంచి ఏడాదికి మించి ఉంచిన షేర్ల లాభంలో ఏటా 1.25 లక్షలకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఆ ఏడు వాడుకోని మినహాయింపు మార్చి 31 దాటితే పోతుంది. పసుపు రాశులు యార్డుకు చేరేదీ ఆ రోజుల్లోనే. ఊళ్లో ఉండే తండ్రికి పన్ను పడే వేరే ఆదాయం లేకపోతే, కనీస మినహాయింపు పరిమితిలో మిగిలింది కూడా ఈ లాభానికి కలిసొస్తుంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు అదే కంపెనీ షేరు అదే రోజు అమ్మినా ప్రవాసి కాబట్టి అది రాదు. ఆ ఇంట్లో షేర్లు ఎవరి పేరున కొనాలన్నది ముందే మాట్లాడుకోవలసిన సంగతి.