విదేశీ బీమా కంపెనీ ఇక్కడ సంపాదిస్తే పన్ను ఎలా వేస్తారు?

విదేశీ వాటా ఎంత ఉన్నా, భారత్‌లో రిజిస్టరైన బీమా సంస్థ పన్ను లెక్కలో దేశీ కంపెనీయే. విదేశీ కంపెనీ హోదాలోనే ఇక్కడ నడిచేవి రీఇన్సూరెన్స్ బ్రాంచీలు. అంటే బీమా కంపెనీలకే బీమా ఇచ్చేవి. 2015 చట్ట సవరణ వీటికి దారి తెరిచింది. అనుమతి ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐఆర్‌డీఏఐ.

బ్రాంచీ లాభాన్ని ఆదాయపు పన్ను చట్టంలో బీమా వ్యాపారానికి ఉన్న ప్రత్యేక నిబంధనల ప్రకారం లెక్కేస్తారు. నమ్మదగిన లెక్కలు లేకపోతే మరో పద్ధతి వర్తిస్తుంది. మొత్తం ప్రీమియంలో భారత్ వాటా ఎంతో, ప్రపంచ లాభంలోనూ అంత వాటాను ఇక్కడి లాభంగా తీసుకోవచ్చు. ఉదాహరణకు, ప్రపంచ ప్రీమియం రూ.1,000 కోట్లు, అందులో భారత్‌ది రూ.50 కోట్లు, మొత్తం లాభం రూ.200 కోట్లు అనుకుందాం. ఇక్కడి లాభం రూ.10 కోట్లు.

దీనిపై పన్ను 35 శాతం, అంటే రూ.3.5 కోట్లు. సర్‌చార్జి, సెస్ అదనం. 2024 బడ్జెట్‌కు ముందు ఈ రేటు 40 శాతం. మినహాయింపులు వదులుకునే దేశీ కంపెనీకైతే 22 శాతమే.

బ్రాంచీ లేకుండా విదేశం నుంచే రీఇన్సూరెన్స్ ఇస్తే? పన్ను ఒప్పందం ఉన్న దేశపు కంపెనీకి ఇక్కడ శాశ్వత స్థావరం లేకపోతే, వ్యాపార లాభంపై సాధారణంగా భారత్ పన్ను వేయలేదు. ప్రీమియం మన జేబులోంచే వెళ్లినా సరే. ఐటీ శాఖతో కేసులు నడిచింది కూడా ఈ 'స్థావరం' ఉందా లేదా అన్న పాయింట్ మీదే.